చెవి మేస్త్రి చిక్కటి నూనె

ఆ షెడ్డులో ఇద్దరు అల్లుళ్ళూ మాట్లాడుకోక నాలుగేళ్ళయింది. మాట్లాడుకోలేదంటే నోరు మూసుకున్నారని కాదు. రోజుకి ఓ నలభైసార్లయినా ఒకరినొకరు తిట్టుకునేవారు. కాకపోతే నేరుగా కాదు. మధ్యలో అత్తగారిని పెట్టుకునేవారు, ఆవిడ లేకపోతే బండి ఎత్తే జాకీని, జాకీ దూరంగా ఉంటే ఎదురుగా ఉన్న బండిని.

"తీసిన స్పానరు తీసిన చోట పెట్టాలని కొందరికి పుట్టుకతో రాలేదత్తయ్యా" అని ఒకరు.

"స్పానర్లకి కాపలా కాసేవాళ్ళని వేరే పెట్టుకుందాం అత్తయ్యా, బండ్లు బాగుచెయ్యడం రానివాళ్ళకి ఆ పనైనా ఉంటుంది" అని రెండోవారు.

షెడ్డు అత్తగారిదే. మావగారు పోయాక గేటు పక్క రేకుల గదిలో బల్ల వేసుకుని కూర్చుని, వచ్చే బండినీ పోయే బండినీ ఆవిడే చూసుకునేది. కోపం వచ్చేకొద్దీ మర్యాద పెరగడం ఆవిడ పద్ధతి. "ఏవయ్యా" అందంటే అంతా బాగున్నట్టు. "అల్లుడుగారూ" అందంటే చేతిలో పని వదిలేసి నిలబడాలి.

పెద్దల్లుడికి యాభై నాలుగేళ్ళు. వీధిలో అందరూ చెవి మేస్త్రి అనేవారు. మూరెడు పొడుగు స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. విని, ఏ బేరింగు అరిగిందో, ఏ బోల్టు వదులైందో చెప్పేవాడు. పదిలో తొమ్మిదిసార్లు నిజమయ్యేది. పదోసారి గురించి అతని భార్య చెబుతుంది: ఓసారి చుట్టాలింటికి వెళ్ళినప్పుడు, ఎవరూ అడక్కుండానే వాళ్ళ వంటింట్లో ఫ్రిజ్జుకి గరిటె ఆనించి విని, "పది రోజులకి మించి ఉండదు" అని పెదవి విరిచాడట. తొమ్మిదేళ్ళయింది. ఫ్రిజ్జు పనిచేస్తూనే ఉంది. ఆ చుట్టాలు మాత్రం మళ్ళీ పిలవలేదు.

పెళ్ళికి ముందు అతను ఓ పిండిమరలో మోటారు చూసుకునేవాడు. ఈ ఇంటి పెద్దమ్మాయిని చేసుకున్నాక మావగారే షెడ్డులోకి తెచ్చి, పని నేర్పి, మేస్త్రిని చేశాడు. మావగారు నేర్పినవాటిలో అతనికి వేదవాక్కు ఒకటుంది. ఇంజను పాతబడ్డాక నూనె చిక్కగా ఉండాలి. లోపల అరిగిన చోట్ల పల్చటి నూనె నిలవదు, ఇంజను టకటకలాడుతుంది. చిక్కటిది పోస్తే శబ్దం పోతుంది. అందుకని నూనె అలమర కింది అరలో పేరూ ఊరూ లేని నల్లడబ్బా ఒకటి ఉండేది. అయిదేళ్ళు దాటిన ఏ బండికి సర్వీసు చేసినా, మామూలు నూనె పోశాక ఆ డబ్బాలోంచి అరలీటరు చిక్కటి సరుకు కలిపేవాడు. అతని చేతి మీదుగా వెళ్ళిన బండి పిల్లిలా వెళ్ళేది. అదే అతని పేరు, అదే అతని పొగరు.

చిన్నల్లుడికి ముప్ఫయ్యారు. కార్ల కంపెనీ సర్వీసు సెంటర్లో పనిచేసి వచ్చాడు. వస్తూ వస్తూ నల్లటి స్కానర్ పెట్టె ఒకటి తెచ్చాడు. దాని తీగ బండికి తగిలిస్తే రోగం పేరు తెర మీద పడుతుంది. ఓరోజు నలుగురు కస్టమర్ల ముందు, "అన్నయ్యగారి చెవిక్కూడా ఓ అప్‌డేట్ వేయించాలి" అన్నాడు. నలుగురూ నవ్వారు. అంతే, ఆ పూట నుంచి మాటలు బంద్.

మాటలు ఆగిన నాలుగో ఏట రెండు బండ్లు బాగుకాలేదని తిరిగొచ్చాయి, రెండూ పెద్దల్లుడు చేసినవే. రెండోది వచ్చినరోజు అత్తగారు అతన్ని గదిలోకి పిలిచింది.

"అల్లుడుగారూ, దయచేసి కూర్చోండి" అంది. దయచేసి అనేసరికే కూర్చోబోయినవాడు మళ్ళీ నిలబడ్డాడు. "ఇంకొక్క బండి తిరిగొచ్చిందా, ఇంజన్ల వైపు చిన్నల్లుడికి ఇచ్చేస్తాను. తమరు టైర్ల వైపు చూసుకుందురుగాని."

టైర్ల వైపంటే షెడ్డు చివర, కాలవ పక్కన. గాలి కొట్టడం, పంక్చర్లు వెయ్యడం, బండ్లు కడగడం. ఇరవై ఎనిమిదేళ్ళు ఇంజన్ల మీద చెవి పెట్టినవాడు ట్యూబుని నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు లెక్కపెట్టుకోవాలి.

సరిగ్గా ఆ వారంలోనే పంతులమ్మ బండి వచ్చింది.

పంతులమ్మ దగ్గర్లోని బడికి పెద్ద. ఆవిడ నడిచి వెళుతుంటే వీధిలో పెద్దవాళ్ళు కూడా చొక్కా గుండీ సరిచూసుకునేవారు. ఆవిడ కారుకి ఆరేళ్ళు. పెద్దల్లుడు సర్వీసు చేసి, నల్లడబ్బా కలిపి, పిల్లిలా పంపించాడు. నాలుగోరోజు ఆవిడ వచ్చి, "మేస్త్రీ, పొద్దున్నే సిగ్నల్ దగ్గర ఆగితే బండి వణుకుతోంది. ఒకోసారి ఆగిపోతోంది" అంది.

అతను మధ్యాహ్నం రెండింటికి తీసి నడిపాడు. వీధులన్నీ తిరిగాడు. వణుకూ లేదు, గిణుకూ లేదు. తిరిగొచ్చి, అత్తగారు వినేలా కాస్త గట్టిగానే అన్నాడు:

"బండి బంగారం మేడమ్. మీ కాలే. క్లచ్ తొక్కాల్సిన టైముకి తొక్కట్లేదు. ఈ వయసులో కాలూ బుర్రా ఒకేసారి కదలవు, ఏం చేస్తాం."

పంతులమ్మ మాట్లాడకుండా వెళ్ళిపోయింది. మౌనంగా వెళ్ళిన ఆడమనిషి మాట ఒప్పుకుని వెళ్ళిందనుకోవడం మగవాళ్ళు అన్ని వయసుల్లోనూ చేసే పొరపాటు.

పదోరోజు పొద్దున ఎనిమిదింటికి ఆవిడ కారు షెడ్డు గేటులోకి సగం దూరి, రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది. లోపలి బండ్లు బయటికి పోకుండా, బయటివి లోపలికి రాకుండా అడ్డంగా నిలబడింది. పంతులమ్మ దిగి, బ్యాగులోంచి ఓ కాగితం తీసి అత్తగారి బల్ల మీద పెట్టింది.

"ఇది డ్రైవింగు స్కూలు వాళ్ళిచ్చింది. ఈయన మాట విని, ముప్ఫయ్యేళ్ళుగా కారు నడుపుతున్న నేను, మూడురోజులు వెళ్ళి మళ్ళీ నేర్చుకున్నాను. నా దగ్గర చదివిన పిల్లవాడే పక్కన కూర్చుని నాకు క్లచ్ నేర్పాడు. నా కాలికి ఏ జబ్బూ లేదని రాసిచ్చాడు. చదువుకోండి."

అత్తగారు చదివింది. తలెత్తి, "పెద్దల్లుడుగారూ, తమరోసారి ఇలా దయచేస్తారా?" అంది.

ఆ 'తమరు' విని రంగులు వేసే అతను కూడా స్ప్రే ఆపేశాడు.

బండిని లోపలికి తోశారు. చిన్నల్లుడు పిలవకుండానే పెట్టె పట్టుకొచ్చి తీగ తగిలించాడు. తెర చూసి, పెళ్ళికొడుకులా ఓ నవ్వు నవ్వి, బానెట్ మీద చెయ్యి వేసి బండితో మాట్లాడటం మొదలెట్టాడు.

"వినవే బండీ, నీ ఖర్మ కాలి ఇక్కడికొచ్చావు. పాతకాలం ఇంజన్లలో గాలిని లోపలికి వదిలే వాల్వు తెరుచుకునే వేళ ఒక్కటే. నిలబడినా అదే, పరిగెత్తినా అదే. నువ్వలాంటిదానివి కాదే. నీ వాల్వుల్ని తెరిచే కామ్ షాఫ్ట్ చివర ఓ గుండ్రటి డబ్బా ఉంది, అందులో రెక్కల చక్రం. ఆ రెక్కల్ని నూనె ఇటు తోస్తే షాఫ్టు రవ్వంత ముందుకి తిరిగి, గాలి వాల్వు తొందరగా తెరుచుకుంటుంది. అటు తోస్తే వెనక్కి తిరిగి ఆలస్యంగా తెరుచుకుంటుంది. పరిగెత్తేటప్పుడు తొందరగా, నిలబడ్డప్పుడు ఆలస్యంగా. ఎప్పుడు ఎటు తొయ్యాలో కంప్యూటర్ చెబుతుంది, ఓ బుల్లి వాల్వు నూనెని అటు మళ్ళిస్తుంది. ఇప్పుడు కంప్యూటర్ వెనక్కి రమ్మని మొత్తుకుంటోంది, నీ షాఫ్టు రావట్లేదు. ఆ బుల్లి వాల్వు పోయింది. స్క్రూడ్రైవరు చెవిలో పెట్టుకుంటే ఇది వినపడదే తల్లీ, గుబిలి తప్ప."

పెద్దల్లుడు జాకీ వైపు తిరిగాడు. "ఏం జాకీ, సినిమా హాల్లో బొమ్మ చూసినట్టు తెర చూసి చదివేవాణ్ణి కూడా మేస్త్రి అంటారా ఈ రోజుల్లో?"

అనడానికైతే అన్నాడు గాని, గొంతులో ఊపు లేదు. అన్ని మాటల్లోనూ ఒక్క మాట ముల్లులా దిగింది. తోసేది నూనెట.

కొత్త వాల్వు మర్నాడు పదింటికి వస్తుందన్నాడు చిన్నల్లుడు. పంతులమ్మ తొమ్మిదింటికే వచ్చి కూర్చుంటానంది. అత్తగారు, "అలాగే మేడమ్. రేపటితో ఇక్కడ కొన్ని చోట్లు కూడా మారతాయి" అంది, పెద్దల్లుడి వైపు చూడకుండా.

మర్నాడు ఆరున్నరకే పెద్దల్లుడు షెడ్డు తలుపు తీశాడు. యాక్సిలరేటర్ పెడల్ తొక్కడానికి మనిషి కావాలని పెళ్ళాన్ని లాక్కొచ్చాడు. ఆవిడ డ్రైవరు సీట్లో కూర్చుంది, ముఖం ఇంత చేసుకుని.

"ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో నన్ను కార్లో కూర్చోబెట్టడం ఇదే మొదలు. అదీ ఎవరిదో, అదీ చెడిపోయింది."

"నోరు మూసుకుని, తొక్కమన్నప్పుడు తొక్కు."

"నోరు మూసుకునే ఉన్నాను కాబట్టి ఇంకా మీతో ఉన్నాను."

ఆవిడ కూర్చోకముందే తను బండిని రెండు వీధులు తిప్పుకొచ్చాడు, ఇంజను గోరువెచ్చగా అయ్యేంత వరకు. ఇప్పుడు బానెట్ ఎత్తి, స్క్రూడ్రైవరు మొనని ఆ బుల్లి వాల్వుకి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు.

"తొక్కు."

ఇంజను లేచింది.

"వదులు."

టక్. లోపల బుల్లి వాల్వు కదిలింది. స్పష్టంగా వినపడింది. వాల్వు చచ్చిపోలేదు, మాట వింటోంది. మాట విన్న వెంటనే ఇంజను గొంతు మారాలి. మారలేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టాక, వణికి, దగ్గి, అప్పుడు మారింది.

మళ్ళీ తొక్కించాడు. మళ్ళీ టక్, మళ్ళీ నాలుగు. పదిసార్లు విన్నాడు. ఇంజను బాగా వేడెక్కేకొద్దీ నాలుగు మూడైంది, రెండైంది, చివరికి లెక్కకే అందలేదు. వేడికి నూనె పల్చబడింది మరి. అందుకే మధ్యాహ్నం తను నడిపినప్పుడు ఏమీ లేదు. దారం లాంటి సందుల్లోంచి పరిగెత్తాల్సిన నూనెకి తనే కాళ్ళు కట్టేశాడు.

స్క్రూడ్రైవరు పిడి చెవి మీంచి తియ్యలేదు. అతని జీవితంలో ఆ చెవి ఎప్పుడూ ఎదుటివాడి తప్పే వినిపించింది. ఇవాళ అదే చెవి అతని మీద సాక్ష్యం చెప్పింది.

"ఏమైంది? ముఖమేంటి అలా అయింది?" అంది పెళ్ళాం.

చెప్పాడు. ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఇంకేం, ఎనిమిది కాలేదింకా. ఆ నూనె పారబోసి మంచిది పొయ్యండి. పదింటికి ఆ కొత్త వాల్వేదో వస్తుందిగా, అదే బాగుచేసిందనుకుంటారు. పాత వాల్వే పోయిందని వాడే కదా నిన్న బాకా ఊదింది. మీరేం అబద్ధం ఆడక్కర్లేదు, ఊరుకుంటే చాలు."

అతను నూనె పట్టే తట్ట బండి కిందకి తోశాడు.

"వింటున్నారా? మీరు టైర్ల దగ్గరికి పోతే మా చెల్లెలి కళ్ళు నెత్తి మీదకొస్తాయి. దాని ముందు నేను తిరగలేను. మీకు రోషం లేకపోతే పోయె, నాకుంది."

డ్రెయిన్ నట్టు విప్పాడు. నూనె సన్నగా, బద్ధకంగా, తెగకుండా దిగింది. ఇన్నాళ్ళూ ఆ తీరు చూసి మురిసిపోయేవాడు. ఫిల్టరు మార్చి, బండి పుస్తకంలో రాసిన పల్చటి నూనె పోశాడు. నీళ్ళలా జారిపోయింది. ఇంజను చల్లారి గోరువెచ్చనయ్యేదాకా ఆగాడు. మళ్ళీ తొక్కించాడు. టక్ అన్న వెంటనే ఇంజను గొంతు మారింది, లెక్కపెట్టేందుకు సందే లేదు.

తొమ్మిదింటికి పంతులమ్మ వచ్చింది. అత్తగారు, చిన్నల్లుడు, రంగులతను అందరూ చేరారు. పంతులమ్మ తనే తాళం తిప్పి, గేటు దాటి వీధి చివరిదాకా వెళ్ళొచ్చింది. సిగ్నల్ దగ్గర ఆగినట్టు నాలుగుసార్లు ఆపి చూసింది. వణకలేదు.

"బాగైంది. ఏమిటి జబ్బు?"

చిన్నల్లుడు అయోమయంగా పెట్టె వైపు చూశాడు. కొత్త వాల్వు ఇంకా రానేలేదు.

"ఏదో వైరు వదులై ఉంటుంది మేడమ్" అన్నది పెద్దల్లుడి పెళ్ళాం, భర్త కన్నా ముందే.

పెద్దల్లుడు చేతిగుడ్డతో వేళ్ళు తుడుచుకున్నాడు, తుడిచిన వేళ్ళే మళ్ళీ తుడుచుకున్నాడు.

"వైరు కాదు మేడమ్. వాల్వూ కాదు. నూనె. నేను పోసింది."

"అర్థమయ్యేలా చెప్పు. మూడురోజులు నాకు క్లచ్ పాఠం చెప్పించావు. ఇప్పుడు నువ్వు చెప్పు పాఠం. అర్థమయ్యేదాకా ఇక్కణ్ణుంచి కదలను" అని కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఇంజన్ల గురించి బండ్లవాళ్ళకి చెప్పడం వేరు, పంతులమ్మకి చెప్పడం వేరు. పోలిక కోసం వెతికి వెతికి, చివరికి ఆవిడ బ్యాగు మీద బడి ముద్ర చూశాడు.

"మీ బడిలో ఓ గదికి రెండు తలుపులున్నాయనుకోండి. ఒక దాంట్లోంచి పాత పిల్లలు బయటికి, రెండోదాంట్లోంచి కొత్త పిల్లలు లోపలికి. ఇంజన్లో పొగా గాలీ అంతే. గంట కొట్టగానే అందరూ పరుగు మీదుంటే, పాతవాళ్ళు పూర్తిగా పోకముందే రెండో తలుపు తీసెయ్యొచ్చు. ఆ ఊపులో వీళ్ళు పోతూ ఉంటారు, వాళ్ళు వస్తూ ఉంటారు. గది తొందరగా నిండుతుంది. అదే పిల్లలు కాళ్ళీడ్చుకుంటూ నడుస్తుంటే? రెండు తలుపులూ తెరిచి ఉంటే, పోయేవాళ్ళు రెండో తలుపులోంచి వచ్చేవాళ్ళ మీదకి దూరతారు. తోపులాట. అందుకని నెమ్మదిగా ఉన్నప్పుడు పాతవాళ్ళు పోయాకే రెండోది తియ్యాలి."

"సరే. తీసేదెవరు?"

"ప్యూను. మీరు సైగ చెయ్యగానే తొందరగానో ఆలస్యంగానో తీస్తాడు. ఈ బండిలో ఆ ప్యూను నూనే మేడమ్. నేను చిక్కటిది పోసి అతని కాళ్ళకి ఇసక బస్తాలు కట్టాను. మీరు బండి ఆపి సైగ చేస్తే, అతను ఇంకా పరుగు నాటి పద్ధతిలోనే తలుపు తెరిచి ఉంచుతున్నాడు. పోయే పొగ వచ్చే గాలి మీద పడుతోంది. బండి వణికేది అందుకు. మీ కాలు... మీ కాలు మంచిదే."

పంతులమ్మ కుర్చీలోంచి లేచింది. "మా సైన్సు మాస్టారి కన్నా నయం" అంది. ముఖంలో మాత్రం నవ్వు లేదు. "కాని ఒక్క పాఠం బాగా చెప్పినవాణ్ణి నేను పాస్ చెయ్యను. మూడురోజులు నేను పడ్డ సిగ్గు ఎక్కడికీ పోలేదు." బండెక్కి వెళ్ళిపోయింది.

చిన్నల్లుడు గొంతు సవరించుకున్నాడు.

"అత్తయ్యా, టైర్ల వైపు కూడా వద్దేమో. ఆయన గాలి కూడా చిక్కగా కొడతాడు."

పెద్దల్లుడి నాలిక చివర ఒక మాట ఉంది. 'ఈ డబ్బా మావయ్య నేర్పిందే' అంటే చాలు. ఆ షెడ్డులో మావగారిని ఒక్క మాట అనగలిగే మనిషి లేడు. పెళ్ళాం ఆ మాట అనమని కళ్ళతో పొడుస్తోంది. అతను చిక్కటి నూనె మరక పడ్డ నేల వైపు చూస్తూ ఊరుకున్నాడు.

అత్తగారు లేచి, కింది అర దాకా నడిచి, నల్లడబ్బా చేతిలోకి తీసుకుంది. మూత తీసి వాసన చూసి మళ్ళీ పెట్టింది.

"ఏవయ్యా" అంది పెద్దల్లుణ్ణి. రంగులతను ఊపిరి వదిలాడు. "ఇది ఎవరు మొదలెట్టారో నాకు తెలీదనుకున్నావా? ఈ వాసనతోనే ఇంటికొచ్చేవారు ఆయన. ఆ రోజుల బండ్లకి అది మందే. ఈ బండ్లకి విషమని నీకు తెలియకపోవడం నీ తప్పు. తెలిశాక దాచకపోవడం..." ఆ వాక్యం ఆవిడ పూర్తి చెయ్యలేదు. "ఇంజన్లు నీ దగ్గరే ఉంటాయి."

"అత్తయ్యా!" అన్నాడు చిన్నల్లుడు.

"చిన్నల్లుడుగారూ, తమరు ఆగండి. మంచి వాల్వు పోయిందని తమరు తెప్పిస్తున్నారు, ఆ సంగతి నేనింకా ఎత్తలేదు." చిన్నల్లుడు ఆగాడు. "నూనె అలమరకి ఇవాళ తాళం వేస్తాను. తాళంచెవి తమరి దగ్గర. ఏ బండికి ఏ నూనె కావాలో పెద్దాయన నోరు తెరిచి తమర్ని అడగాలి. మధ్యలో నేనుండను. జాకీ ఉండదు. బండి ఉండదు. వినపడిందా ఇద్దరికీ?"

"నేను చేసిన తప్పేంటి, నాకెందుకీ శిక్ష?" అన్నాడు చిన్నల్లుడు.

పెద్దల్లుడికి ఆ క్షణంలో టైర్ల వైపు మరీ అంత చెడ్డ చోటేం కాదనిపించింది.

పదకొండింటికి సర్వీసుకో బండి వచ్చింది. పెద్దల్లుడు పాత నూనె దింపాడు, ఫిల్టరు బిగించాడు. బండి డాష్‌బోర్డు అరలోంచి పుస్తకం తీసి, కళ్ళజోడు పెట్టుకుని, చాలాసేపు తిరగేశాడు. ఇంక చెయ్యడానికి మరో పని మిగల్లేదు. వెళ్ళి అలమర ముందు నిలబడ్డాడు. చిన్నల్లుడు పక్కనే, పెట్టె తెర తుడుస్తూ, గోడ పారదర్శకమైనట్టు దానిలోంచి దూరంగా చూస్తున్నాడు.

పెద్దల్లుడు ఓసారి దగ్గాడు. రెండోసారి దగ్గాడు. గదిలోంచి అత్తగారి కుర్చీ కిర్రుమంది.

"నూనె" అన్నాడు.

"ఏ నూనె?"

"పుస్తకంలో రాసింది."

"పుస్తకంలో చాలా రాస్తారు. చూశారా, ఊహించారా?"

"చూశాను."

"ఏ పేజీ?"

"నూట పన్నెండు. కింది నుంచి మూడో వరస."

చిన్నల్లుడు లేచి, బండి దాకా వెళ్ళి, పుస్తకం తెరిచి, వేలితో కింది నుంచి లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. ముఖం మాడ్చుకుని తిరిగొచ్చి, తాళం తీసి, డబ్బా పైకెత్తాడు. చేతికివ్వలేదు. ఇద్దరికీ మధ్యలో నేల మీద పెట్టి, మళ్ళీ తాళం వేశాడు.

పెద్దల్లుడు మోకాళ్ళు కటకటమంటుండగా వంగి, డబ్బా తీసుకుని ఇంజను దగ్గరికి నడిచాడు.